ముందు సంతకం

ఆ రోజు ఫిబ్రవరి పదకొండు, మంగళవారం. ఉదయ ప్రార్థన ముగిసి పిల్లలంతా తరగతులకు వెళ్ళిపోయాక బడి ప్రార్థన మందిరంలో మిగిలినవారు: ప్రిన్సిపాల్ సిస్టరు, వైస్ ప్రిన్సిపాల్, వంటావిడ, అందరూ పిచ్చుక అని పిలిచే తొమ్మిదో తరగతి పిల్ల. వేదిక పక్కనున్న చిన్న గదిలో, లోపలినుంచి గడియ పెట్టుకొని, మరొకరు. ఆ మరొకరు ఎవరన్నదే పేచీ.

వైస్ ప్రిన్సిపాల్ చేతిలో ఖాళీ పళ్ళెం ఉంది. ఆ గది గుమ్మంలో పిచ్చుక చేతినుంచి లాక్కున్నది. దొంగసొత్తు పట్టుబడినట్టు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూపించాడు.

“ఎవడు వాడు?”

“వాడు కాదండీ,” అనేసి పిచ్చుక నాలుక కరుచుకుంది.

“ఓహో, ఆడపిల్లే! చూశారా సిస్టర్, లాగితే ఎలా వస్తున్నాయో.”

“మీరు లాగితే రాయయినా పలుకుతుంది సార్,” అంది వంటావిడ నేలచూపులు చూస్తూ.

అందులో పొగడ్త ఎంతో, వెటకారం ఎంతో ఆయనకు తేలలేదు. రెండు మూడు రోజులుగా ఏదీ తేలడం లేదు. వంటింటి గుమ్మంలోకి తను వస్తే లోపల మాటలు ఆగిపోతున్నాయి. స్టాఫు గదిలో తను కూర్చుంటే పక్కవాళ్ళకు ఏదో పని గుర్తొస్తోంది. చివరికి భార్య సైతం పొద్దున్న టీ అందిస్తూ కళ్ళు దించుకుంది. ఈ పిల్ల నిర్వాకం లోకమంతటికీ తెలుసు, ఒక్క తనకు తప్ప. కూతురు అమ్మమ్మగారింటికి వెళ్ళి ఉండడం ఒక్కటే నయం. లేకపోతే తరగతిలో ఈ పిల్లతో ఒకే బల్ల మీద కూర్చున్న పాపానికి దాన్ని కూడా ఈ రొచ్చులోకి లాగి ఉండేవాళ్ళు.

“పేరు చెప్పు.”

“చెప్పనని మాటిచ్చానండి.”

“ఎవరికి?”

“తనకే.”

“ఆ తనకొక పేరుంటుంది కదా!” చంకలోని చెక్క స్కేలు తీసి బల్ల మీద ఫట్టున కొట్టాడు.

పిచ్చుక బెదరలేదు. తలుపు వైపు చూసింది. తలుపవతల ఏదో జారి పడిన చప్పుడయింది.

“విన్నారా సిస్టర్? వడ్రంగిని పిలిపిస్తాను. గడియ ఊడగొట్టడం ఎంతసేపు!”

“ప్రార్థన గది తలుపు పగలగొట్టించి, రేపటినుంచి పిల్లలకు ఏ ముఖంతో ప్రార్థన చెబుదాం?” సిస్టరు గొంతు పెరగలేదు.

“అయితే ఈ పిల్లను పంపించేయండి. టీసీ రాసే ఉంచాను.” జేబులోంచి కాగితం తీశాడు. “ముందూ వెనకా ఎవరూ లేరు కదా అని జాలిపడితే, ఇదీ దీని వరస!”

ఈ బడి తప్ప పిచ్చుకకు ఇల్లంటూ లేదు. హాస్టల్లోని ఇనప మంచం, దాని కింది రేకు పెట్టె, అంతే ఆమె సంసారం.

“ఎక్కడికెళ్ళాలో తెలీదండి,” అంది. తలుపు వైపు మళ్ళీ చూసి, “అయినా చెప్పనండి,” అంది.

వంటావిడ ఇక ఆగలేకపోయింది. “లోపలి పిల్ల వీపు చూస్తే మీరిట్లా మాట్లాడరు సార్. వాతలు తేలి ఉన్నాయి. మందు రాసింది నేనే.”

“అంటే నువ్వు కూడా ఇందులో ఉన్నావన్నమాట!”

“వీపు సంగతి చెప్పాను సార్. పేరు మాత్రం నన్నడక్కండి.”

“ఏముంది, ఎవడో తాగుబోతు తండ్రి అయ్యుంటాడు.”

“తాగడు సార్,” అంది వంటావిడ చప్పున. సిస్టరు దగ్గింది.

ఆయన ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

“మన పద్ధతి ఉండనే ఉంది కదా,” అంది సిస్టరు, బైబిలులోంచి ఒక కాగితం బయటికి తీస్తూ.

దెబ్బలు తిని, దిక్కు తోచక వచ్చే పిల్లల కోసం పెట్టిన బడి అది. ఎవరైనా ఇలా వచ్చి తలదాచుకుంటే, ముందు బడి పెద్దలిద్దరూ, ప్రిన్సిపాలూ వైస్ ప్రిన్సిపాలూ, అభయపత్రం మీద సంతకం చేయాలి. ఆ తర్వాతే పేరు అడగాలి. పేరు ముందే తెలిస్తే పెద్దల చేతులు వెనకాడతాయని ఆ ఏర్పాటు. బిడ్డ ఇష్టపడి అడిగితే తప్ప ఇంటికి పంపరాదు. ఎవరూ చేయి చేసుకోరాదు. తోడు నిలిచినవారిని శిక్షించరాదు. తండ్రి ఎంతటివాడైనా సరే. ఆ పత్రం మాటలు కూర్చినది వైస్ ప్రిన్సిపాలే. చివరి మాట పట్టుబట్టి చేర్పించినదీ ఆయనే.

సిస్టరు సంతకం అప్పటికే ఉంది. ఇందులో మెలిక ఎక్కడుందా అని ఆయన కాగితాన్ని రెండుమార్లు చదివాడు. తను రాసినదే, మెలిక ఎక్కడినుంచి వస్తుంది? అంతలో విషయం మెరుపులా తట్టింది. ఎవరో పెద్దింటి పిల్ల! అందుకే ఈ గుసగుసలు, ఈ దాపరికం. తను జంకుతాడని వీళ్ళ లెక్క.

“నేను భయపడతాననుకున్నారేమో. ఆ తండ్రి వచ్చి నా కాలరు పట్టుకున్నా సరే, పిల్లను గడప దాటనివ్వను.”

“పట్టుకోడులెండి,” అంది సిస్టరు.

“ఇంతలా కొట్టినవాడికి సిగ్గుండాలి,” అంటూ కలం తీసి, ఇంటిపేరుతో సహా నిండుగా సంతకం చేసి, కింద గీత కూడా గీశాడు. స్కేలు పెట్టి, తిన్నగా.

“ఆ టీసీ కూడా ఇలా ఇవ్వండి.” సిస్టరు దాన్ని నిలువునా చింపింది. అభయపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి, బైబిలులో ఉంచి, బైబిలును వేదిక కింది అరలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి జేబులో వేసుకొని, గది దగ్గరికి నడిచి, వేలి కణుపుతో తలుపు మీద మెల్లగా తట్టింది.

“ఇక బయటికి రామ్మా. మీ నాన్నగారు సంతకం పెట్టేశారు.”