పుస్తెలతో తీసిన ఎక్స్‌రే

రేడియోగ్రాఫర్ ట్రైనింగులో నాకు సీటొచ్చిందని తెలియగానే మా ఆయన సమ్మయ్య దవాఖాన గేటు దగ్గరే నన్ను ఎత్తి గిర్రున తిప్పాడు. పెళ్లయి నెల కూడా కాలేదు. నవ్వాపుకోలేకపోయాను.

కోర్సులో చేరాలంటే ఛాతీ ఎక్స్‌రే ఇవ్వాలి. ఆ రాత్రి ఎక్స్‌రే గదిలో డ్యూటీలో ఉన్న సునందక్క, "పుస్తెలు తీసి పక్కకు పెట్టు చెల్లె" అంది.

"అమ్మో, తియ్యనక్కా! ఆయనకేమన్న అయితే?"

"ఏం గాదు, పిచ్చిపిల్లా. సరే, ఉంచుకో. రెండు తెల్ల బిళ్లలు పడ్తయి, గంతే."

ఎట్లాగూ నేర్చుకోవాల్సిన పనే కదా అని, డార్క్‌రూములో ఎర్రబల్బు కింద ఫిల్మును నేనే మందునీళ్లలో ముంచాను. కుళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. పక్కటెముకలు మెల్లగా తేలాయి. జాకెట్ హుక్కులు తెల్లగా, వరుసగా వచ్చాయి. పుస్తెలు ఉండాల్సిన చోట మాత్రం ఏమీ లేదు.

మెడ తడుముకున్నాను. అవి చల్లగా వేళ్లకు తగిలాయి.

సునందక్క ఫిల్మును బల్బు దగ్గరగా పట్టుకుంది. "బంగారం పడకపోవుడు నేనెన్నడు చూడలే" అంది. ఆ తర్వాత నా వైపు చూడలేదు.

బయటి నుంచి ఎవరో తలుపు తట్టారు. సమ్మయ్యే. గొంతు హుషారుగా ఉంది.

"అయిందా? జర జల్ది రా! రేపు పొద్దుగాల్నే రైల్‌రోకోకు మానుకోట పోతున్నం. తెలంగాణ ఇచ్చేదాక పట్టాల మీదికెల్లి లేచేది లేదు!"