ఇప్పుడా, తర్వాతా?

"అమ్మాయ్, మళ్ళీ అప్‌డేట్ చేయమంటోందే!" అత్తగారు ఫోన్‌ని తేలుని పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుంది.

"చేసేయండి అత్తయ్యా, కొత్త సౌకర్యాలొస్తాయి," అంది కోడలు బట్టలు మడతపెడుతూ.

"ఎవరికమ్మా సౌకర్యం? నా వేళ్ళకి అలవాటైనవన్నీ చోటు మారిపోతాయి. నా ఫోను నాకే పరాయిదవుతుంది."

"నాలుగు రోజులు సర్దుకుపోతే అదే అలవాటవుతుంది. మీరు చెప్పిన మాటేగా!"

"నేనెప్పుడు చెప్పానే?"

"నేనీ ఇంటికొచ్చిన కొత్తలో. నా వంట మార్చారు, నిద్రలేచే వేళ మార్చారు, పళ్ళ డాక్టరు దగ్గర ఉద్యోగం మాన్పించారు. ఈ ఫోనుకి పాపం మర్యాద ఎక్కువ. ఇప్పుడా, తర్వాతా అని రోజూ మిమ్మల్ని అడుగుతోంది."

అత్తగారు తెరకేసి చూసి, ‘ఇప్పుడే’ అన్నచోట నొక్కింది. ఫోను నల్లబడి ఊరుకుంది.

చేతులు ఖాళీ అయ్యేసరికి, కోడలు ఒంటరిగా మడతపెట్టలేక అవస్థపడుతున్న దుప్పటి రెండో కొసని అత్తగారు అందుకుంది.

"ఏమే," అంది, కళ్ళు దుప్పటి మీదే ఉంచి, "ఆ పళ్ళ డాక్టరు నిన్ను మళ్ళీ రమ్మంటాడంటావా?"