ఐదడుగుల పార్కు

"ఇదేనా పార్కు?" అంది జాగా స్వాధీనం చేసుకోవడానికి వచ్చిన మున్సిపల్ ఆఫీసరమ్మ. లేఅవుటు చుట్టూ ఐదడుగుల గడ్డిపట్టీ మొలతాడులా తిరిగి ఉంది.

"పదోవంతు వదలమన్నారు, వదిలాను. వెడల్పెంతో రూల్లో లేదుగా మేడమ్," అన్నాడు బిల్డరు.

"జారుడుబల్ల పెడితే పిల్లలు పక్కింట్లో దిగుతారు."

"ఇరుగుపొరుగు కలుస్తారండీ."

"గేటు ముందు జాగా కూడా ఇందులో కలిపేశారా?"

"ఒక్క అడుగు దాచుకోలేదు. మొత్తం మీదే."

ఆవిడ సంతకం పెట్టి, గేటుకు అడ్డంగా బోర్డు పాతించింది: 'పార్కులోకి వాహనాలు నిషేధం.'

లేఅవుటు నుంచి బయటపడే దారి అదొక్కటే. బిల్డరు లోపలున్న తన కొత్త కారు వైపు చూశాడు.

"మరి నా కారు మేడమ్?"

"ఉండనీయండి. పిల్లలు దాని మీంచి జారతారు."