మన జల్లెడ

"ఇన్నేళ్లూ మిరపకాయ మీ దగ్గరే కొన్నాం, ఇక చాలు బాపయ్య గారూ. కొత్త పార్టీ తక్కువకిస్తానంటున్నాడు," అన్నాడు కారం మిల్లు కొత్త మేనేజరు త్రినాథ్.

"మంచిదే సార్. నా ఖాళీ గోతాలిప్పిస్తే పట్టుకుపోతా."

అంతలో కొత్త పార్టీ లారీ రానే వచ్చింది. అలవాటు కొద్దీ బాపయ్య ఒక బస్తాలో చెయ్యి పెట్టి మిరపకాయ తీశాడు. అది వంగింది గానీ విరగలేదు.

"తేమ! దించకండ్రా! మన జల్లెడ మూసుకుపోద్ది!"

హమాలీలు ఆగిపోయారు.

"మన జల్లెడేంటండీ? ఇది మా మిల్లు!" అరిచాడు త్రినాథ్.

బాపయ్య నాలుక కరుచుకున్నాడు. "అది మూసుకుపోయినప్పుడల్లా మీ ఓనరు గారూ నేనూ కూర్చుని విప్పేవాళ్లం సార్. అందుకే మా కళ్లంలో కాయ రెండ్రోజులు ఎక్కువ ఆరబెడతా. అలవాటులో అనేశా. దించండ్రా, సార్ వాళ్ల జల్లెడే!"

హమాలీలు కదల్లేదు. త్రినాథ్ కూడా ఒక కాయ తీసి వంచి చూశాడు. ఇంకో బస్తాలోదీ చూశాడు.

లారీ వచ్చిన దారినే వెళ్లిపోయింది. బాపయ్య గోతాల మోపు ఎత్తుకుని గేటు దాటబోయాడు.

"బాపయ్య గారూ! రేపు కాయ ఎన్నింటికొస్తుంది?"

"ఎవరి కాయండీ?" అన్నాడు బాపయ్య, వెనక్కి తిరక్కుండానే.

త్రినాథ్ గొంతు సవరించుకున్నాడు.

"మన కాయ."