చొక్కా చేతులు

మొదటి బంతి సరసు ముక్కు మీదే పడింది.

వాలీబాల్ నేర్చుకుంటానని ముచ్చటపడి పేరిచ్చింది గానీ, బంతి మీదికొస్తుంటే కళ్ళు మూసుకుంటానని ఆ పిల్లకే తెలీదు. తమిళనాడులోని ఆ పాపారపట్టి బళ్ళో ఆడపిల్లల జట్టు కట్టడం ఎనభై మూడులో అదే మొదలు. ఆట నేర్పడానికి కొత్తగా వచ్చిన రాజమాణిక్కం సార్ కుంటుకుంటూ దగ్గరికొచ్చి, ముక్కు చూసి, ఏమీ కాలేదు లెమ్మన్నాడు.

ఆయన చెప్పేదంతా తమిళంలోనే. ఆ ఊళ్ళో గడప దాటితే ఎవరైనా అంతే. జట్టులో సరసు, పక్కింటి వళ్ళి మాత్రం ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు. మిగతా ఎవరికీ ఆ భాష రాదు. అందుకని తెలుగులో మాట్లాడుతుంటే వాళ్ళిద్దరికీ గదిలో గడియ పెట్టుకున్నంత ధైర్యం. ఎవరి ముందు ఎవరినేమన్నా అడిగేవాళ్ళు లేరు.

"కుంటికొంగ. తాను ఎగరలేడు, మనల్ని ఎగరమంటాడు," అంది సరసు ముక్కు రుద్దుకుంటూ, ఆయన ఎదురుగానే.

వళ్ళి పకపకా నవ్వింది. సార్ బంతికంటిన మట్టి తుడుస్తూ అవతలికి పోయాడు.

ఆనాటి నుంచి ఆయన పేరు కుంటికొంగ అయిపోయింది.

చాలా రోజులు అసలు ఆటే లేదు. రెండు చేతులూ కలిపి చాచడం, మోకాళ్ళు వంచడం, బంతి మణికట్టుకి కాస్త పైన పడేలా చూసుకోవడం, అంతే. చేతులు ఊపకూడదంటాడు, కాళ్ళతో లేవాలంటాడు. వల దగ్గరికి కూడా రానివ్వడు. సరసుకి విసుగెత్తేది. విసుగెత్తినప్పుడల్లా తెలుగులో తిట్టేది. ఆయన నడకనీ, నూనె జుట్టునీ, పెళ్ళి కాకపోవడాన్నీ దేన్నీ వదల్లేదు.

ఒక సాయంత్రం మాత్రం ఏడ్చింది. మోచేతుల కింద రెండు చేతులూ కందిపోయి ఉబ్బాయి.

"అమ్మ చూసిందంటే అయిపోయె. ఇంక గ్రౌండు తొక్కనీదు," అంది వళ్ళితో. "నాకు ఆడాలని ఉందే. ఇంకేమీ వద్దు, ఇదొక్కటి ఉంటే చాలు."

పక్కనే సార్ వల విప్పి చుడుతున్నాడు. వింటే విననీ, అర్థమైతే కదా అనుకుంది సరసు. ఆ పూట చేతుల మీద దావణి చెంగు కప్పుకుని గడిపేసింది.

మర్నాడు ఆయన సంచి నిండా గుడ్డ తొడుగులు తెచ్చాడు. పాత చొక్కాల చేతులు కత్తిరించి, కట్టుకోను నాడాలు కుట్టినవి. తలా ఒక జత పంచి, ఇంటికి పోయేటప్పుడు కూడా విప్పొద్దన్నాడు. సరసు చేతులు అమ్మ కంట పడలేదు. ఆట నిలిచింది. అదృష్టం కలిసొచ్చిందని సంబరపడింది.

సార్ అప్పటి నుంచి పొట్టి చేతుల చొక్కాల్లోనే వచ్చాడు. కొంగకి రెక్కలు కత్తిరించినారని వళ్ళి అంటే, సరసు కడుపు పట్టుకుని నవ్వింది.

నెలలు గడిచి బంతి ఆమె మాట వినసాగింది. ధర్మపురిలో పోటీలు దగ్గర పడేసరికి సార్ చిక్కిపోయాడు. కళ్ళు పచ్చగా కనపడేవి. అయినా సరసుని వదల్లేదు. వంగు, ఎత్తు, మళ్ళీ వంగు. ఆమెకి ఒళ్ళు మండింది.

"ఈయన ఇంక రాకుంటే బాగుండునే. పీడ పోతుంది," అంది.

సార్ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత బంతి ఆమె చేతికిచ్చి, ఇంక చాలు, నీకు బాగా వచ్చిందని తమిళంలో చెప్పి వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు.

ధర్మపురిలో జట్టు గెలిచింది. చివర్లో అవతలి పిల్ల బలంగా కొట్టిన బంతిని సరసు కళ్ళు మూసుకోకుండా, మోకాళ్ళు వంచి ఎత్తింది. ఎత్తగానే జనం నిలబడ్డ గట్టు వైపు తిరిగింది. తను ఎవరి కోసం చూస్తోందో తెలిసి తనకే ఆశ్చర్యమైంది. ఈసారి కనబడితే ఒక్క మంచిమాటన్నా చెప్పాలనుకుంది.

సోమవారం ప్రార్థనలో హెడ్మిస్ట్రెస్ చెప్పింది, కామెర్లు ముదిరి రాజమాణిక్కం సార్ పోయాడని.

పంచవర్ణం టీచర్ వెంట పిల్లలు బస్సెక్కి కంబైనల్లూరులో ఆయన ఇంటికి వెళ్ళారు. వళ్ళి రాలేదు, కడుపునొప్పంది. అరుగు మీద ఆయన తల్లి కూర్చుని ఉంది. సరసు దగ్గరికెళ్ళి పేరు చెప్పి, సార్ చాలా మంచివారని తమిళంలో నసిగింది. దారంతా కూర్చుకున్న మాటల్లో అంతకు మించి నోటికి రాలేదు.

ముసలామె సరసు రెండు చేతులూ పట్టుకుని, తిప్పి, మోచేతి కింద మెల్లగా నిమిరింది.

"మానినాయా బిడ్డా? అమ్మ చూస్తుందని ఏడ్చినావంట కదా. బస్సు దిగి వచ్చీ రాంగానే వాడి చొక్కాలూ, నేను దాచుకున్న వాళ్ళ నాయన చొక్కాలూ అన్నీ నా చేతనే కత్తిరిపించినాడు."

అచ్చమైన తెలుగు. కొంగ, రెక్కలు, పీడ, తనన్న మాటలన్నీ ఒక్కసారిగా సరసు చెవుల్లో పడ్డాయి. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"మీరు ఇంట్లో తెలుగే మాట్లాడతారా?" అంది అతి కష్టం మీద.

"ఇంకేమి మాట్లాడతాము తల్లీ," అంది ముసలామె. "జట్టులో ఇద్దరు పిల్లలు మన మాట మాట్లాడతారమ్మా, వింటా ఉంటే ఇంట్లో ఉన్నట్టే ఉంటుందని రోజూ చెప్పేవాడు. ఏమి మాట్లాడుకుంటారురా అని అడిగితే మాత్రం, ఆటను గురించేలే అమ్మా అనేవాడు."