ఏడింటి పక్షి

"ఆ డబ్బా మూత చప్పుడు కాకుండా తియ్యలేవా?" అన్నారు మాస్టారు, గొంతు తగ్గించి, కోపం మాత్రం తగ్గించకుండా.

బెంచీ మీద తినబోతున్న బస్సు కండక్టరు ఉలిక్కిపడ్డాడు.

చెరువు పార్కు గేటు దగ్గరే ఆఖరి స్టాపు. బస్సు అక్కడ పావుగంట ఆగుతుంది.

"సారీ సార్. రోజూ ఇక్కడే తింటాను."

"ఇవాళ వద్దు. పక్షుల ఆఫీసరమ్మ వచ్చారు. మా సిగ్గుకోడి పలక్కపోతే ఈ రెల్లంతా కొట్టేసి బోట్లు తిప్పుతారు."

కండక్టరు ముఖం చిన్నబోయింది. "అయ్యో, అయితే నేను దాన్ని..."

"ముందు నువ్వు కదులు నాయనా!"

"అలాగే సార్. ఇక ఇటు రాను. అది బాగుంటే చాలు," అని నవ్వి, మునివేళ్ల మీద నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

"పాపం, తిండి దగ్గర నుంచి లేపేశారు," అంది మాస్టారి భార్య.

"నువ్వూరుకో. ఏడవుతోంది."

రిటైరైన దగ్గర నుంచి, మూడేళ్లుగా మాస్టారు రోజూ పొద్దున్నే అవతలి గట్టు మీది వాచ్ టవర్ ఎక్కి ఆ పక్షి కూత వింటున్నారు. ఒక్కసారీ చూడలేదు. ఎవరికీ కనబడదని సిగ్గుకోడి అని పేరు పెట్టింది ఆయనే. ఆఫీసరమ్మకి దగ్గర నుంచి వినిపించాలని ఇవాళ ఇటు తీసుకొచ్చారు.

"సరిగ్గా ఏడింటికి పలుకుతుంది. గడియారం సరిచేసుకోవచ్చు," అన్నారు గర్వంగా.

"రోజూనా?" అడిగారు ఆఫీసరమ్మ.

"ఆదివారం తప్ప."

"దానికీ సెలవేమో," అంది భార్య.

ఏడైంది. బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది. ఏడున్నరైంది. ఎనిమిదైంది. కాకులు తప్ప ఎవరూ పలకలేదు.

ఆఫీసరమ్మ కాగితాలు తీశారు. "విననిది విన్నానని రాయలేను మాస్టారూ."

మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ.

"భోజనానికి నాలుగుసార్లు పిలిచినా వినపడదు ఈయనకి. పక్షి మాత్రం వినపడుతుంది," అంది భార్య. "మొన్న ఈ పొదలో ఫోన్ దాచి రికార్డు చేశారుగా, అదైనా వినిపించండి!"

"మొదట్లోనే గరగర విని ఆపేశాను. అందులో ఇంకేముంటుంది?"

ఆఫీసరమ్మ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. ఉన్నట్టుండి లేచి నిలబడ్డారు.

"పక్షి ఉంది మాస్టారూ! ఉందనే రాస్తున్నాను. ఇక రెల్లు జోలికి ఎవరూ రారు."

మాస్టారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. ఆయన భార్య నవ్వాపుకోలేకపోయింది.

"కానీ ఇందులో రెండు కూతలున్నాయి. గట్టిగా వినపడేది, మీరు టవర్ మీద నుంచి విన్నది, పక్షిది కాదు. ఎవరో మనిషిది. దానికి సన్నగా బదులిస్తోందే, అదీ మీ సిగ్గుకోడి. ఎవరైనా పిలిస్తే తప్ప అది పలకదు."

"ఎవరండీ ఆ పిలిచేది?"

ఆవిడ ఒక ఇయర్‌ఫోన్ ఆయన చెవిలో పెట్టి సౌండు పూర్తిగా పెంచారు.

గట్టిగా ఒక కూత. కాసేపటికి సన్నగా బదులు. ఆ వెనకే ఒక సంతోషం గొంతు.

"ఉన్నావా తల్లీ! సరే, రేపొస్తా. రైట్... రైట్!"

మూడేళ్లుగా మాస్టారు నోట్‌బుక్కులో రాసుకుంటూ వచ్చిన ఏడింటి పక్షిని, ఇందాక ఆయనే అదిలించి బస్సెక్కించారు.