మాయమయ్యే తలుపు

గురువారం వచ్చింది. ఎవర్ట్ ఫోన్లో యాప్ మళ్ళీ లేదు.

"చూడండి టీచరమ్మా, పోయిన వారం మీరు పెట్టించిన తలుపు ఈ వారం గోడైపోయింది," అంటూ ఆయన ఫోన్ బల్ల మీద పెట్టాడు.

హార్నోసాండ్ ఊరి లైబ్రరీలో, వెనక గదిలో, వయసు మళ్ళినవాళ్ళకు ఫోన్ వాడకం నేర్పుతుంది గున్వోర్. జీతం లేదు. పోస్టాఫీసు ఉద్యోగం అయిపోయాక ఆమె నోరారా మాట్లాడేది ఈ గురువారాల్లోనే. మిగతా వారమంతా కిటికీతోనే కాలక్షేపం.

చలికాలం మొదట్లో గది నిండా జనం. నేర్చుకున్నవాళ్ళు నేర్చుకున్నట్టే జారుకున్నారు. అంతేగా మరి, నడక వచ్చిన పిల్లాడు ఇంకా చెయ్యి పట్టుకుని తిరుగుతాడా? చివరికి ఎవర్ట్ ఒక్కడే మిగిలాడు. జన్మంతా ఓడల ఇంజన్లు విప్పి బిగించిన మనిషి, పోయి పోయి ఒక యాప్ దగ్గర బోల్తా పడ్డాడు.

అదేమైనా బ్రహ్మవిద్యా? ఆయన ఉండే భవనంలో బట్టలుతుక్కునే గది అందరికీ కలిపి ఒక్కటే. ఇదివరకు గోడకు పలక ఉండేది, పేరు తగిలిస్తే వంతు దొరికేది. దాన్ని పీకేశారు. ఇప్పుడు ప్రతి ఆదివారం యాప్‌లో వంతులు తెరుస్తారు. అందులో పట్టుకోకపోతే ఆ వారం మాసిన బట్టలే గతి.

"మళ్ళీ మొదట్నుంచి చెప్తాను," అంది గున్వోర్. "ఈ ఫోన్ మీ భవనం అనుకోండి. యాప్ అంటే అందులో ఒక తలుపు. బ్యాంకుకో తలుపు, బస్సుకో తలుపు, బట్టల గదికో తలుపు. బొమ్మ మీద వేలు పెడితే తెరుచుకుంటుంది."

"తలుపులు వాటంతట అవే లేచిపోతాయా?"

"పాత ఫోన్లు అంతేనండీ," అంది ఆమె, థర్మాస్ మూత తిప్పుతూ.

"అయ్యుండొచ్చు. నాకేం తెలుసు."

"మరి ఈ వారం బట్టలు ఎలా ఉతుక్కున్నారు?"

"స్నానాల తొట్టిలో. దుప్పటితో కుస్తీ పట్టాను. అదే గెలిచింది."

సబ్బునీళ్ళకు ఆయన వేళ్ళు ఎర్రగా పగిలి ఉన్నాయి. అవి చూసి గున్వోర్ మనసు చివుక్కుమంది. తన యాలకుల బన్ను కూడా ఆయన ముందుకే జరిపింది.

ప్రతివారం ఇదే తంతు. యాప్ పెట్టడం, కాఫీ తాగడం, ఓడల కబుర్లు, వెళ్ళేముందు "ఏదీ, ఒకసారి సరిచూసి ఇస్తాను" అంటూ గున్వోర్ ఫోన్ అందుకోవడం.

ఇవాళ కబుర్ల మధ్యలో లైబ్రరీ అధికారి ఇల్వా తలుపు తోసుకుని వచ్చింది.

"ఇంకా ఈయనొక్కరేనా? వచ్చే గురువారం నేనే వచ్చి కూర్చుంటాను. ఎవర్ట్ గారు తనంతట తాను ఆ యాప్ తెరిచి చూపించారంటే క్లాసు అయిపోయినట్టే. ఈ గది అల్లికల వాళ్ళకిచ్చేస్తాను."

"తెరవలేకపోతే?" అడిగింది గున్వోర్.

"అప్పుడు నేర్పుతూనే ఉండండి. ఇంకా వాడటం రానివాళ్ళను నట్టేట్లో వదిలేస్తామా ఏంటి?"

గురువారం లేని వారం తలుచుకుంటేనే గున్వోర్‌కి కళ్ళముందు ఆ కిటికీ ఒక్కటే మెదిలింది. ఏదో పరధ్యానంలో కప్పులు తుడిచింది, థర్మాస్ సంచిలో పెట్టింది. బల్ల మీది ఫోన్ తీసి ఎవర్ట్ చేతిలో పెట్టి, "మంచు మీద జాగ్రత్తండీ," అని సాగనంపింది.

ఆయన గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. ఇల్వా మెట్లు దిగి కనుమరుగయ్యేదాకా చూశాడు. తర్వాత వెనక్కి వచ్చి, ఫోన్ గున్వోర్ ముందు పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు:

"ఇవాళ యాప్ తీసెయ్యడం మర్చిపోయారు టీచరమ్మా."